చిన్న వకీలు – పేదవాని అప్పీలు

జిల్లాకోర్టు ఆవరణమునకు ఎదుటి వీధిలో, జిరాక్సు దుకాణమునకును టీకొట్టునకును నడుమ ఒక చిన్నగది. గోడకు క్రొత్తగా వ్రాయించిన బోర్డు. లోపల ఒక బల్ల, మూడు కుర్చీలు, అరువు తెచ్చిన న్యాయశాస్త్రగ్రంథములు పది. బల్ల వెనుక ఇరువదియైదేండ్ల యువకుడు గాని యువతి గాని. నిరుడు పరీక్షలో నెగ్గి ఈయేడు గౌను తొడిగిన న్యాయవాది. బల్లకు ముందు ఒక రైతు. అతని చేతిలో గుడ్డసంచి. సంచిలో పాసుపుస్తకము, నలిగిన క్రయదస్తావేజు, క్రిందికోర్టు తీర్పు. "ఓడిపోయినామంట గదా బాబూ! ఇంక చేసేదేమీ లేదా?" అని అతడడుగుచున్నాడు. ఇట్టి గది ఏ యొక్క ఊరిదియు గాదు. తెలుగుదేశమున కోర్టున్న ప్రతి ఊరిలోను ఇట్టిది కానవచ్చును. రాజ్యాంగము పీఠికలో ప్రజలకు వాగ్దానము చేసిన 'న్యాయ'మను మాట పేదవానికి మొట్టమొదట కంటబడుచోటు ఈ గదియే.

ఆ గది తలుపు తెఱచుట సులభము. మూయకుండ నిలుపుట కష్టము. మూడేండ్లు గడవకమునుపే బోర్డు తీసివేసి, ఏదో యొక కంపెనీలో జీతమునకు కుదిరిన యువకులను మేమెఱుగుదుము. ఆ న్యాయవాదిని ఆకలికి వదలివేసిన దేశము, ఆ రైతు అప్పీలును దాఖలు గాకమునుపే కొట్టివేసినదని మేము చెప్పుచున్నాము. ఈ మాట కఠినముగ దోచినవారు కొంచెము ఓపిక వహించి మా వాదమును చివరిదాక వినవలెనని ప్రార్థించుచున్నాము.

అప్పీలనగా ఓడినవాని మొండిపట్టని పలువురు తలంతురు. అది పొరపాటు. తీర్పు చెప్పువాడు మనుష్యుడు. మనుష్యుడు తప్పు చేయును. ఆ తప్పును దిద్దుటకు న్యాయవ్యవస్థ తనకు తానేర్పరచుకొనిన మార్గమే అప్పీలు. ధనికునకు ఈ మార్గము రాజబాట; పేదవానికి ముండ్లబాట. ఏలయన, అప్పీలునకు గడువు గలదు. 1963 కాలపరిమితి శాసనము ననుసరించి సివిలు డిక్రీపై జిల్లాలోని పైకోర్టునకు 30 దినములలోను, హైకోర్టునకు 90 దినములలోను అప్పీలు చేసికొనవలెను. క్రిమినలు కేసులో శిక్షపడినవాడు, అది మరణశిక్ష గానిచో, హైకోర్టునకు 60 దినములలోను, ఇతరకోర్టునకు 30 దినములలోను పోవలెను. తీర్పునకు నకలు సంపాదించుటకు పట్టిన దినములను శాసనము మినహాయించును గాని, నకలుకొఱకు దరఖాస్తు పెట్టవలెనని రైతునకెవరు చెప్పుదురు? గడువు దాటినచో ఆలస్యమును క్షమింపుమని వేఱొక అర్జీ. ఆ క్షమాపణకు సంజాయిషీ. ప్రతి దినమునకును కారణము.

ఇంతేగాదు. అప్పీలు దాఖలు చేసినంతమాత్రమున డిక్రీ అమలు ఆగదు. స్టే కావలెనని వేరుగ కోరుకొనవలెను. ఈ సంగతి తెలియక, "అప్పీలు వేసినాము గదా" యని ధైర్యముగ నిదురించిన వాని వాకిట ఒకనాటి యుదయమున అమీనా నిలుచును. మునసబుకోర్టు తీర్పుపై మొదటి అప్పీలులో వాస్తవములను, శాసనమును రెంటిని తిరిగి విచారించు నధికారము పైకోర్టునకు గలదు. రెండవ అప్పీలు హైకోర్టునకు పోవును. కాని 1976 సవరణ పిమ్మట అచట ముఖ్యమైన శాసనప్రశ్న యున్నగాని విచారణ లేదు. ఎవరు దున్నిరి, ఎవరు గట్టు జరిపిరి, ఎవరి సంతకము దొంగసంతకము అను సంగతులు ఆ మొదటి అప్పీలుతోనే సాధారణముగ ముగియును. క్రిందికోర్టులో దాఖలు చేయని కాగితమును పైకోర్టులో ఊరక చేర్చనీయరు. కాబట్టి అప్పీలు గెలుచుట అప్పీలులో మొదలుగాదు; దావాలో మొదటి కాగితము వ్రాసిననాడే మొదలగును.

అట్టి మొదటి కాగితమును అరయెకరము గట్టు తగాదా గల రైతుకొఱకు ఎవరు వ్రాయుదురు? పట్టణములలోని పేరుమోసిన న్యాయవాది యొక్కనాటి ఫీజు ఆ అరయెకరము వెలకంటె మించవచ్చును. ఆయనను మేము నిందించుట లేదు; ఆయన కాలమునకు వెల గలదు. జీతము రానికూలీ, మనోవర్తి కోరు భార్య, జామీను దొరకని యనుమానితుడు, పింఛను నిలిచిపోయిన ముసలివాడు, వీరందఱును పోవలసినది ఆ చిన్నగదికే. అచట నున్న చిన్న వకీలే వారికి దరఖాస్తు వ్రాయును, నకలుకు నడచును, గడువు లెక్కించును, రాత్రి మేలుకొని అప్పీలు కారణములు తయారుచేయును, వకాలతుపై వ్రేలిముద్ర వేయించుచు, "అమ్మా, ఇందులో నిది వ్రాసియున్నది" యని చదివి వినిపించును. ఈ పనికి చరిత్రలో పేరు రాదు. కాని ఈ పని నిలిచిపోయిననాడు న్యాయస్థానములు ధనికులు తమలో తాము తగవు తీర్చుకొను క్లబ్బులగును.

దేశము ఈ సత్యము నెఱుగకపోలేదు. ఎఱిగి, గొప్ప మాటలే పలికినది. 1976లో నలువదిరెండవ సవరణచే రాజ్యాంగమున 39-ఎ అధికరణము చేర్చి, ధనలేమిచే గాని మఱి యే యశక్తతచే గాని ఎవ్వరికిని న్యాయము దూరము గారాదని శాసించినది. 1978లో హోస్కాట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యరుగారు, శిక్షపడిన ఖైదీకి అప్పీలు హక్కు నిజమైన హక్కు గావలెనన్న తీర్పు ప్రతిని సకాలమున ఉచితముగ నీయవలెననియు, వకీలును పెట్టుకొనలేనివానికి వకీలును ఏర్పాటు చేయవలెననియు తీర్పు చెప్పిరి. 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము పుట్టినది. 1995 నవంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చినది. స్త్రీలు, బాలురు, షెడ్యూలు కులములవారు, తెగలవారు, వికలాంగులు, నిర్బంధములో నున్నవారు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయమున కర్హులని ఆ చట్టము చెప్పుచున్నది. ఇంతకంటె నుదారమైన వాగ్దానము ఏ దేశమున గలదు? కాని వాగ్దానమునకు కాళ్లు లేవు. దానిని మోసికొని పోయి పేదవాని వాకిట దింపువాడు చిన్న వకీలు. ఆ మోయువానికి కూడు పెట్టుట మాత్రము దేశము మఱచినది.

ఆ యువకుడీ వృత్తిలో ప్రవేశించు విధమును చూడుడు. మూడేండ్లో అయిదేండ్లో న్యాయకళాశాలలో చదువవలెను. 1961 న్యాయవాదుల చట్టము పట్టికలో పేరు చేర్చుకొనుటకు రుసుము 750 రూపాయలనియు, షెడ్యూలు కులముల, తెగల వారికి 125 రూపాయలనియు స్పష్టముగ నిర్ణయించినది. అయినను రాష్ట్రముల బార్ కౌన్సిళ్లు ఆ నిధి యని, ఈ రుసుమని, గుర్తింపుపత్రమని పేర్లుపెట్టి వేలకు వేలు వసూలు చేయుచు వచ్చినవి. శాసనమును కాపాడుటకు ప్రతిన పట్టించు సంస్థలే ప్రతినకు ముందు శాసనము నతిక్రమించుట ఎంతటి వింత! 2024 జూలై 30వ తేదీన సుప్రీంకోర్టు ఈ యక్రమమును ఖండించి, శాసనము నిర్ణయించినదానికి మించి యొక పైసయు తీసికొనరాదని తీర్పుచెప్పువఱకు ఈ తంతు సాగినది. దళితవాడనుండి వచ్చిన పిల్లవాడు 125 రూపాయలతో దాటవలసిన గడపకడ ఎన్నివేలమంది అప్పుచేసి నిలువబడిరో ఎవరు లెక్కింతురు?

గడప దాటిన పిమ్మట అఖిలభారత బార్ పరీక్ష. అది మంచిదే. అర్హతను పరీక్షించుటకు మేము విరోధులము గాము. కాని పరీక్షలో నెగ్గిన మఱునాటినుండి నెలకు ఎన్ని రూపాయలు వచ్చును అను ప్రశ్నకు ఏ పరీక్షాధికారియు జవాబు చెప్పడు. సీనియరు కార్యాలయమున చేరిన జూనియరు ఉదయము దస్త్రములు మోయును. పగలెల్ల వాయిదాలకు నిలువబడును. సాయంకాలము ముసాయిదాలు వ్రాయును. నెలాఖరున సీనియరునకు దయగలిగిన బస్సుఖర్చు, దయ గలుగకున్న ఆశీర్వచనము! "నీకు పని నేర్పుచున్నాను; నీవే నాకు గురుదక్షిణ నీయవలసినది" అను మాట ఎన్ని కార్యాలయములలో నేటికిని వినబడుచున్నదో సీనియర్లే తమ గుండెలపై చేయివేసికొని చెప్పవలెను. కార్మికుల కనీస వేతనముకొఱకు హైకోర్టున గంభీరముగ వాదించి వచ్చిన పెద్దలు, తమ దస్త్రములు మోసిన పిల్లవానికి కనీస వేతనమేమియు లేకుండుట గమనింపకపోవుట మిక్కిలి శోచనీయము.

2024 అక్టోబరులో భారత బార్ కౌన్సిలు ఒక సర్క్యులరు వెలువరించినది. జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000 రూపాయలకును, గ్రామీణ ప్రాంతములలో 15,000 రూపాయలకును తక్కువగాని భృతి నిచ్చుట మంచిదని అందు చెప్పబడినది. బాగున్నది. కాని అది సిఫారసు, ఆజ్ఞ గాదు. సిఫారసుతో కడుపు నిండునా? ఆంధ్రప్రదేశములో 2019 డిసెంబరులో నాటి ప్రభుత్వము జూనియర్ న్యాయవాదులకు తొలి మూడేండ్లు నెలకు 5,000 రూపాయలిచ్చు పథకమును ప్రారంభించినది. దాని నాశయమును మేము కొనియాడుచున్నాము. కాని ప్రభుత్వము దయదలచి యిచ్చునది ప్రభుత్వపు తలంపు మారగనే పోవచ్చును. శాసనముచే వచ్చునది అట్లు పోదు. అదియుగాక, ప్రభుత్వముపై దావా వేయవలసిన న్యాయవాది ప్రభుత్వమునకు కృతజ్ఞుడై తలవంచి నిలుచుట న్యాయవృత్తికి గౌరవము గాదు. అందుచే అతనికి వలసినది దానము గాదు, హక్కు.

ఇచట పెద్దలు కొందఱు లేచి, "మేమును ఆకలితోనే మొదలుపెట్టితిమి, ఆకలియే మమ్ము మనుష్యులను చేసినది" యందురు. వారి కష్టమును మేము గౌరవింతుము. ఒంగోలులో పూటకూళ్లు నడపిన తల్లి కడుపున బుట్టిన టంగుటూరి ప్రకాశముగారు రాజమహేంద్రవరమున ప్లీడరై, పిమ్మట ఇంగ్లండున బారిష్టరై, మదరాసు హైకోర్టున ప్రసిద్ధి కెక్కిరి. నిజము. కాని కోటికొక్కడు వరదను ఈదినాడని యేటికి వంతెన వలదనువాడు వివేకియా? నిలిచినవారే వచ్చి నేడు మనతో మాటలాడుచున్నారు, మునిగిపోయినవారు మాటలాడరు. ఆకలి యొక జల్లెడ వంటిదందురు. కాని ఆ జల్లెడ తెలివిని పట్టి తెలివితక్కువను వదలుట లేదు. ఇంటి అద్దె తండ్రి యిచ్చినవానిని, మామగారి పలుకుబడి గలవానిని, ఊరిలో పొలమున్నవానిని అది నిలుపుచున్నది. కూలివాని కొడుకును, తన కాళ్లపై తాను నిలువదలచిన యాడపడుచును జారవిడుచుచున్నది. స్త్రీలు న్యాయవాదులు గావచ్చునని శాసనము చెప్పినది 1923లో. నూఱేండ్లు గడచినవి. అయినను తాలూకాకోర్టు ఆవరణమున కూర్చుండుటకు స్థలము, శుభ్రమైన మఱుగుగది లేక ఇంటికి మరలిన యువతుల గోడు ఏ లా జర్నలులోను అచ్చుగాలేదు.

ఈ జల్లెడవలన నష్టము వకీళ్లకు మాత్రమే యని యెవరైన తలచిరేని వారికొక సంగతి జ్ఞాపకము చేయుచున్నాము. 2025 మే 20వ తేదీన సుప్రీంకోర్టు, క్రిందితరగతి సివిల్ జడ్జి పదవికి పోటీ చేయగోరువారు కనీసము మూడేండ్లు న్యాయవాదులుగ పనిచేసి యుండవలెనని నిర్ణయించినది. కోర్టుముఖము చూడనివాడు కోర్టుపీఠమెక్కరాదను వాదములో బలము గలదు. దానిని మేము కాదనము. కాని ఆ మూడేండ్లు ఎవరు తినిపింతురు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండ నియమము మాత్రము పెట్టినచో, ఆకలిజల్లెడ బార్‌లోనే గాక ధర్మాసనమునకును గడపయగును. మూడేండ్లు రాబడి లేక బ్రతుకగల కుటుంబముల బిడ్డలే రేపటి న్యాయాధిపతులగుదురు. అట్టివారిలో ధర్మాత్ములుండవచ్చును. కాని పేదవాని బ్రతుకును పుస్తకములలో చదివినవానికిని, బ్రతికి తెలిసికొనినవానికిని భేదము లేదా?

ఆకలిచే గలుగు రెండవ యపాయము దలారులు. న్యాయవాది తన వృత్తిని గూర్చి ప్రకటనలు వేసికొనరాదని నియమము. బోర్డు సైతము మితమైన కొలతతో నుండవలెను. న్యాయము సంతసరకు గాదు గనుక ఈ నియమము మంచిదే. కాని పేరులేని క్రొత్త వకీలు గదికి కక్షిదారు దారి యెట్లు తెలియును? కోర్టుగేటుకడ, బస్‌స్టాండుకడ, పోలీసుఠాణా యరుగుపై కాచియున్న దలారి తీసికొని వచ్చును. వచ్చి, ఫీజులో వాటా పుచ్చుకొనును. దలారుల జాబితా తయారుచేసి కోర్టు ఆవరణమునుండి బహిష్కరింప నధికారము 1879 చట్టమునందే యున్నది. 2023లో ఆ పాతచట్టమును రద్దుచేసి, దలారుల సంగతిని మరల న్యాయవాదుల చట్టమున చేర్చిరి. నూటనలువదియేండ్లకు పైబడి శాసనము దలారిని వెంటాడుచునే యున్నది; దలారి సుఖముగనే యున్నాడు! కారణము స్పష్టము. శాసనము దలారిని శిక్షించుచున్నది గాని వానిని పోషించు ఆకలి జోలికి పోవుట లేదు.

ఇది నేటి యువకుల దౌర్బల్యము మాత్రమే గాదు. 1891లో బారిష్టరై బొంబాయి చేరిన గాంధిగారు చిన్నకేసుల కోర్టున మొదటి కేసులో సాక్షిని ప్రశ్నింప లేచి, నోట మాట రాక కూర్చుండి, పుచ్చుకొనిన 30 రూపాయల ఫీజును తిరిగి యిచ్చివేసిరి. అచట దలారికి కమీషను ఇయ్యనని పట్టుబట్టిరి, కేసులు రాలేదు. పిమ్మట రాజకోటకు పోయి అర్జీలు వ్రాసి బ్రతుకుచు, తనకు పని పంపు వకీళ్లకు వాటా నిచ్చుటకు లోబడవలసి వచ్చినదని తామే తమ యాత్మకథలో నొప్పుకొనిరి. సత్యమునే వ్రతముగ చేసికొనబోవు మహాపురుషునికే తొలినాటి యాకలి ఇట్టి పరీక్ష పెట్టినప్పుడు, ఇంటిలో చెల్లెలి పెండ్లి యప్పు నెత్తిపైనున్న సామాన్యయువకునినుండి మనము మహర్షిత్వము కోరుట న్యాయమా?

మూడవ కష్టము భాష. ఇది వకీలుదే గాక రైతుది గూడ. ఆంధ్రప్రదేశమున హైకోర్టునకు లోబడిన కోర్టులకు తెలుగు భాషగ నుండవలెనని 1974లోనే ప్రభుత్వము ప్రకటించినది. ఐనను సాక్షి తెలుగున చెప్పును. వకీలు ఆంగ్లమున వాదించును. తీర్పు ఆంగ్లమున వెలువడును. రైతు తన భూమి పోయిన సంగతిని తనకు రాని భాషలో వినును. రాజ్యాంగము 348వ అధికరణము ప్రకారము హైకోర్టు భాష ఆంగ్లము. రాష్ట్రపతి యనుమతితో గవర్నరు రాష్ట్రభాషను గూడ ప్రవేశపెట్టవచ్చును. రాజస్థానము, ఉత్తరప్రదేశము, మధ్యప్రదేశము, బీహారు హిందీకి అట్టి అనుమతి పొందినవి. తెలుగుకు ఆ భాగ్యము కలుగలేదు. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసన మొకటి తెలుగున తీర్పు వెలువరించి, మనభాషకు న్యాయము పలుకు శక్తి గలదని రుజువు చేసినది. ఆ తీర్పు శాసనపు సూక్ష్మములను చక్కగ చెప్పగలిగినది. ఆకాశము విఱిగి పడలేదు. ఒకనాడు జరిగినది ప్రతిదినము ఏల జరుగరాదు?

ఈ భాషాభారము వచ్చిపడుచున్నది చిన్న వకీలు నెత్తిమీదనే. హైకోర్టునకు అప్పీలు పోవలెనన్న తెలుగు దస్తావేజులు, సాక్షుల వాఙ్మూలములు ఆంగ్లమునకు మార్పింపవలెను. ధనికుడు డబ్బిచ్చి మార్పించుకొనును. పేదవానికొఱకు చిన్న వకీలు తానే రాత్రులు కూర్చుండి మార్చును. 'గట్టు'నకు 'పుంత'కు 'పోరంబోకు'నకు భేదమెఱుగని వ్రాతలో ఒక్క మాట తప్పినను ఒక కుటుంబపు జీవనాధారము తప్పును.

హైకోర్టు మన యిలాకాలో నుండవలెనను కోరిక తెలుగువారికి క్రొత్తది గాదు. శ్రీకాకుళపు రైతు పూర్వము అప్పీలుకు మదరాసు పోవలసి వచ్చెను. 1937 శ్రీబాగు ఒడంబడికలో రాజధానితో సమానముగ హైకోర్టును గూడ పెద్దలు పేర్కొనుటకు కారణమిదియే. ఆంధ్ర హైకోర్టు 1954లో గుంటూరున వెలసి, 1956లో హైదరాబాదునకు తరలి, 2019 జనవరి 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశమునకు అమరావతిలో వేరుగ నడచుచున్నది. న్యాయస్థానము మన నేలకు వచ్చినది. మన భాషకు మాత్రము రాలేదు. మదరాసులో తెలియని భాషకును అమరావతిలో తెలియని భాషకును రైతునకు భేదమేమి?

ఇంతవఱకు దేశము తప్పులు చెప్పితిమి. చిన్న వకీలు తప్పులు దాచిన మా వాదము పక్షపాతమగును. గెలువదని తెలిసియు ఫీజుకొఱకు అప్పీలు వేయించుట పాపము. వాయిదాపై వాయిదా కోరి ఎదుటివానిని అలయజేయుట నేర్పు గాదు, నేరము. దేశమందలి కోర్టులలో నేడు 5 కోట్లకు పైగా కేసులు నిలిచియున్నవి. వానిలో ప్రతి నిష్కారణపు వాయిదాయు నొక యిటుక. కక్షిదారుని సొమ్ము లెక్క కాగితముపై చూపకుండుట, డిక్రీలో వాటా మాటలాడుకొనుట వృత్తినియమములకు విరుద్ధము. 2002లో హరీశ్ ఉప్పల్ కేసులో న్యాయవాదులకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు చెప్పినది. అయినను చీటికిమాటికి కోర్టుల బహిష్కారము సాగుచున్నది. బహిష్కారముచే నష్టపడునది జడ్జి గాదు. మూడు బస్సులు మారి సద్దిమూటతో వచ్చిన సాక్షి. దేశమును భృతి యడుగు వృత్తి, ఆ దేశపు పేదవానికి పనిదినము బాకీ పడరాదు. "నాయనా, ఈ కేసులో పసలేదు, రాజీపడుము" అని మొదటినాడే చెప్పగల వకీలే నిజమైన వకీలు. ఆ మాట చెప్పు ధైర్యమునకు మొదట కడుపున కూడుండవలెనని మఱచిపోరాదు.

"వకీళ్లు ఇప్పటికే యెక్కువ, ఇంకను పోషింపవలెనా?" అని కొందఱందురు. ఎక్కువ యెవరికి? ధనికుని గుమ్మమున నెక్కువ కావచ్చును. చెఱసాలలో అప్పీలు గడువు దాటిన ఖైదీకి, మన్యమున భూమి పట్టాకై తిరుగు గిరిజనునికి ఎక్కువయైనారా? కుండపోతగ కురిసిన వాన సముద్రమున పడినంతమాత్రమున పొలము తడిసినదనుట తగునా? వానిని కాలువకు మళ్లించు మార్గము మేము చెప్పుచున్నాము.

మా కోరికలు నాలుగు. మొదటిది: తొలి మూడేండ్ల జూనియరుకు భృతి సిఫారసుగ గాక శాసనముగ రావలెను, ప్రభుత్వ దయమీద గాక, సంక్షేమనిధుల నుండియు, గొప్ప రాబడి గల సీనియర్ల చందాల నుండియు, కోర్టురుసుములలో నొక భాగము నుండియు నేర్పడిన స్వతంత్రనిధిద్వారా బార్ కౌన్సిలే చెల్లింపవలెను. రెండవది: ఆ భృతి పుచ్చుకొనువాడు న్యాయసేవాసంస్థ పంపిన పేదల అప్పీళ్లను కొన్నింటిని తప్పక నడపవలెను, ఆ పనికి వచ్చు ఫీజు పని ముగిసిన నెలలోనే చేతికందవలెను. మూడవది: ప్రతి తాలూకా బార్‌లోను పుస్తకశాల, కంప్యూటరు, స్త్రీలకు తగిన గది యుండవలెను. సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుండి ఉచితముగ కంప్యూటరుపై దొరకుచున్నవి; వానిలో కొన్ని తెలుగున గూడ నున్నవి. గ్రంథముల వెల తగ్గినది గాని వానిని వాడు నేర్పు కఱపువారు తగ్గిరి. నాల్గవది: జిల్లాకోర్టులలో తెలుగు తీర్పు మినహాయింపు గాక నియమము గావలెను, హైకోర్టులలో తెలుగుకు రెండు ప్రభుత్వములును 348వ అధికరణము క్రింద గట్టిగ కోరవలెను. ఈ నాలుగింటిలో అసాధ్యమైనది ఒక్కటియు లేదు. లేనిది సంకల్పము.

1920లో దేశము న్యాయవాదుల నొక త్యాగమడిగినది. పరాయిప్రభుత్వపు కోర్టులను విడిచి రమ్మన్నది. ప్రకాశముగారు, కొండ వెంకటప్పయ్యగారు మొదలగువారు వృత్తి వదలి వచ్చిరి. గౌను విప్పుటయే నాడు దేశసేవ. ఇప్పుడు కోర్టులు మనవి. శాసనములు మన ప్రతినిధులు చేసినవి. నేడు గౌను తొడిగి, జిల్లాకోర్టు వీధిలో చిన్నగది తెఱచి, అరయెకరము రైతు కొఱకు అప్పీలు వ్రాయుటయే దేశసేవ. నాడు త్యాగము చేసినవారిని దేశము పూజించినది. వారి కుటుంబములకు ఎందఱో అండగ నిలిచిరి. నేడు సేవచేయువారిని దేశము ఎట్లు చూచుచున్నది?

ఆ చిన్నగదిలో రైతు ఇంకను కూర్చుండియున్నాడు. గడువు 30 దినములు. అందు పదిదినములు తీర్పు సంగతి తెలిసికొనుటకే గడచినవి. వకీలు గడియారమువంక, పంచాంగమువంక చూచి నకలు దరఖాస్తు తీసినాడు. పై నెల గది అద్దె యెట్లు కట్టవలెనో అతనికి తెలియదు. అయినను కలము పట్టినాడు. ఆ కలము ఆగిపోకుండ చూచు బాధ్యత బార్ కౌన్సిలుది, సీనియర్లది, ప్రభుత్వములది, మనయందఱిది. ఆ బాధ్యతకును గడువు గలదు. అది దాటినచో మనలను క్షమింప ఏ పైకోర్టును లేదు.